ముప్పై ఇళ్ల బరకం

రాతిరేవు సంఘం పెద్దలకు చోడిపల్లి పోలారావు సాష్టాంగ నమస్కారాలు.

ఇసకపాలెం నుంచి మా పడవ సింగారిని బండి మీద మీ రేవుకు తెస్తున్న ప్రయాణపు చిట్టా ఇది. మీ నియమం ప్రకారం మజిలీ మజిలీకీ రాసి, చేరాక సభలో చదివి వినిపించాలట. మా వాళ్లలో కొండ కాలేజీకి వెళ్లి పడవల పెంపకంలో పట్టా తెచ్చుకున్న నిర్భాగ్యుణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఈ కిరీటం నా నెత్తిన పెట్టారు. అందుచేత, ఇందులో రాబోయే సమస్త అనర్థాలకూ ముందుగానే క్షమాపణ కోరుతున్నాను. కాయబోయే ఎండకు క్షమించండి. వీచబోయే గాలికి క్షమించండి. తాతల నాడు ఊళ్లకు ఊళ్లు మింగి, ఈ ఏడు మా రేవు నోట్లో ఇసక కొట్టిన సముద్రం తరఫున కూడా క్షమించండి. అది తనంతట తాను అడిగే రకం కాదు. ఎండుచేపల మూట తరిగిపోతున్నందుకూ, నూకరాజు మావ గురకకూ, నా చేతిరాతకూ వేరువేరుగా క్షమాపణలు. అన్నిటికీ నేనే కారకుణ్ణి. ఏది ఎలా చేశానో మాత్రం అడక్కండి.

ఒకటో మజిలీ: ఇసకపాలెం గట్టు

సింగారిని నీళ్లలోంచి తీసి ట్రాలీ మీదికి ఎక్కించాం. గాలి తగలగానే ఒంటి మీది పొర ముడుచుకుంది, తలంటు పోసిన పిల్ల చలికి ముడుచుకున్నట్టు. నీళ్లలో ఉన్నన్నాళ్లూ ఉప్పునీళ్లు తాగి, కడుపులోని తొట్టిలోకి మంచినీళ్లు వదులుతుంది మహాతల్లి. గట్టెక్కితే మాత్రం బాలింతకన్నా ఎక్కువ చాకిరీ. పూటపూటా ఉప్పునీళ్లతో తడపాలి. ఎండ తగలకూడదు, దుమ్ము పడకూడదు. పొర చచ్చిపోతే మిగిలేది వట్టి చెక్క. చెక్క పడవతో వస్తే రేవులో చోటు లేదని, బతికున్న పడవతో వస్తేనే రానిస్తామని మీరే కబురంపారు. మా ముప్పై ఇళ్ల వాళ్లూ ఆ కబురు పట్టుకుని, పీపాల్లో మిగిలిన నీళ్లు మోసుకుంటూ ముందే నడిచి వెళ్లిపోయారు. అక్కడ వాళ్లు ఎన్ని గుక్కలు మింగుతున్నారో, ఎన్ని దాచుకుంటున్నారో మాకు తెలియదు.

ప్రయాణంలో పడవ మీద కప్పడానికి మా దగ్గర రెండు బరకాలున్నాయి. ఒకటి నేను కాలేజీ నుంచి వీపున మోసుకొచ్చిన బూడిదరంగు బరకం. పడవ ఒంటికి అతుక్కుని కూర్చుంటుంది. చుట్టూ బెల్టులు, తాడు ఒరుసుకునే చోట మెత్తలు, లోపలి గాలి పోవడానికి చిన్న కిటికీలు. రెండోది ముప్పై ఇళ్ల బరకం. పడవ గట్టెక్కినప్పుడల్లా ఇంటికో గుడ్డ ముక్క ఇస్తే, అన్నీ కలిపి కుట్టి కప్పడం మా ఆచారం. నిలబెట్టిన పడవకు నీడగా కప్పితే దివ్యంగా ఉంటుంది. రోడ్డు మీద లాక్కెళ్లే పడవకు కప్పితే ఏమవుతుందో, పరీక్షలో రాసిన దానికన్నా స్పష్టంగా మా అత్తకు చెప్పాను.

“గాలి దూరుతుంది అత్తా. దూరితే ఉబ్బుతుంది. ఉబ్బితే కొట్టుకుంటుంది. కొట్టుకున్న చోటల్లా పొర గీరుకుపోతుంది.”

గరికిన ఎర్రమ్మ మా అత్త. సింగారిని తొట్టిలో మొలకప్పటి నుంచి పెంచింది ఆవిడే. నా బూడిద బరకాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

“సవానికి సుట్టినట్టుందిరా ఇది. ముప్పై ఇళ్లోళ్లు ముక్కలిచ్చినారు. ఒక ముక్క ఒగ్గీసినా ఆ ఇంటిని ఒగ్గీసినట్టే. రేపు రేవులో నిలబడి మా గుడ్డేదీ అంటే నానేటి సెప్పను?”

“పడవ బతికుందని సెప్పమ్మా,” అంది ఆవిడ కూతురు పైడి, తాడుకు ముడేస్తూ.

“నువ్వు మీ బావ పక్కకి సేరిపోనావేటి?”

“సేరడానికి ఈడికో పక్కంటూ ఉండాల కదా!”

నా పక్షం వహించిన ఒకే ఒక్క మనిషి, ఆ నోటితోనే నన్ను ముంచేసింది. ముప్పై ఇళ్ల బరకమే కప్పాం.

రెండో మజిలీ: ఉప్పు పర్ర

బయల్దేరిన కాసేపటికే ఆపి తాళ్లు చూసుకోవాలి. కాలేజీలో మొదటి పాఠం అది. కొత్తగా కట్టిన తాడు తొలి కుదుపులకే సడలుతుంది. ఆపమని కేకేశాను. బండి తోలే నూకరాజు మావ ఆపలేదు. “ఎండున్నప్పుడు బండి. ఎండ లేనప్పుడు నీ పాటం,” అన్నాడు. మాది ఎండతో నడిచే బండి. మబ్బు పట్టగానే అది ఆగుతుంది, అది ఆగగానే మావ నిద్రపోతాడు. రెండిటికీ ఒకే తీగ ఉందని నా అనుమానం.

మావా అత్తా ముందు బండిలో. నేనూ పైడీ వెనక ట్రాలీ తోక మీద, నా బూడిద బరకాన్ని మడతపెట్టి పరుచుకుని కూర్చున్నాం. ఇంత శాస్త్రీయమైన దిండు మీద ఇంతకుముందు ఏ మానవుడూ కూర్చుని ఉండడు.

పర్రలోకి, చెట్టూ చేమా లేని ఆ ఉప్పునేల మీదికి దిగగానే గాలి పడవ ముక్కు వైపు నుంచి దూరింది. ముప్పై ఇళ్లూ ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు బరకం ఉబ్బింది. ఆ తర్వాత టపటపా మొదలు. ఇక ఆగలేదు.

“బావా, పడవలు ఎగురుతాయని మీ కాలేజీలో సెప్పినారా?”

“అది పై చదువులో ఉంటుంది.”

“అయితే ఇంకా సదువుకో. ఇది లేచిపోయేటట్టుంది.”

సాయంత్రం మజిలీలో అత్త బరకం పైనుంచే ఉప్పునీళ్లు చల్లింది. ఒక రేవు నీళ్లలోంచి తీశాక ఇంకో రేవు నీళ్లలో దించేదాకా బరకం ఎత్తి పడవ ఒళ్లు చూడకూడదు. ఎత్తిన వాడికి పడవలో వంతు ఉండదు. తడపడమైనా, తడమడమైనా గుడ్డ మీద నుంచే. తడిపాక చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క ముక్కనూ తట్టింది. “ఇది సూరాడోళ్లది. ఇది కారోళ్లది. ఇది మనది.” ప్రతి కుట్టూ గుంజి చూసింది. దారిలో ఏ ఇంటి ముక్క చిరిగితే ఆ ఇంటి వాళ్లు మనస్ఫూర్తిగా ఇవ్వలేదని లెక్క. పడవకు ఏమైనా అయితే, అది కోలుకునేదాకా ఆ ఇంటికి నీళ్ల వంతు ఆగిపోతుంది. అందుకే అందరూ ఉన్నవాటిలో గట్టి గుడ్డే ఇస్తారు.

కుడివైపు, ముక్కు దగ్గర, ఆకుపచ్చ పట్టు ముక్క గనగళ్ల చినతల్లిది. పెళ్లి చీర కోసి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు దాని జరీ అంచు ఊరందరి చేతా ముట్టించింది. ఈ చినతల్లి గురించి సంఘం వారికి తెలియాలి. ఆవిడ నోట్లో ఊరు మొత్తం ఒకసారైనా పడి లేచింది. నేను పట్టా పుచ్చుకుని వచ్చిన రోజు గట్టు మీద నిలబడి అరిచింది: “సదివి సదివి పడవ కాడికే వొచ్చినాడు! సదవకపోయినా ఈడికే వొచ్చీవోడు కదా!” ఆ ముక్క దగ్గర అత్త అందరికన్నా ఎక్కువసేపు నిలబడింది. “మంచి గుడ్డ,” అంది.

మూడో మజిలీ: కూలిన టోలుగేటు

మబ్బు. బండి ఆగింది. మావ పడుకున్నాడు. వాన.

బరకం కింద వెదురు బద్దలు ఒంచి పెట్టాం గానీ, గుడ్డ వదులుగా ఉంటే బద్దకూ బద్దకూ మధ్య చెరువులు కడుతుంది. కట్టింది. ఆ బరువుకు బద్దలు మూలుగుతుంటే మావ లేచి, కింద నుంచి కర్రతో ఒక్క పొడుపు పొడిచాడు. చెరువు చెరువంతా ఆయన నెత్తి మీదికి దిగింది.

“ఓలమ్మో!”

“తానం అయిపోనాది కదా, ఇంక బోంచెయ్,” అంది అత్త. అందరం నవ్వాం. ఈ ప్రయాణంలో అందరం కలిసి నవ్వింది అప్పుడే. రికార్డు కోసం రాస్తున్నాను.

ఎండ వచ్చి బండి కదిలాక చప్పుడు మారింది. తడిసిన గుడ్డ బరువెక్కింది. టపటప పోయి, కుదుపు కుదుపుకూ గర్, గర్ మని రంపం లాగినట్టు వినిపిస్తోంది. కుడివైపు నుంచి. పైడి చెవి పెట్టి విన్నది. నేనూ విన్నాను. మజిలీలో వంగి చూస్తే ట్రాలీ ఇరుసు మీద గోధుమరంగు చుక్కలు. ఆరోగ్యంగా ఉన్న పొర చెమట నీళ్లలాగే ఉంటుంది, రంగుండదు. గోధుమరంగంటే పుండు.

అత్తను పక్కకు పిలిచాను. ఈసారి వేళాకోళం ఆడలేదు.

“జరీ అంచు గీరుతోంది అత్తా. ఒక్క మూల ఎత్తి చూద్దాం.”

“సూడకూడదు.”

“అది పాత పడవలకి పెట్టిన మాట. వాటి పొర వెలుగు తగిలితే చచ్చేది. సింగారికి కాసేపు చూసినంత మాత్రాన ఏం కాదు.”

“ఆ మాటెట్టినోళ్లు నీకంటె తెలివి తక్కువోళ్లేటి?”

“కాదు. వాళ్లు ఆ పడవల్ని చూసి పెట్టారు. మనం ఈ పడవని చూడ్డం లేదు.”

అత్త ట్రాలీ కిందికి వంగింది. ఇరుసు మీది చుక్కను వేలితో తీసి వాసన చూసింది.

“నాను ఎత్తితే రేపు ఇంకొకరు ఎత్తుతారు. ముప్పై ఇళ్లోళ్లు ముప్పై సార్లు ఎత్తి సూత్తే బతుకుతాదా ఇది? ఎవలికాళ్లు, నా ముక్క కింద బాగుందా, నా ముక్క కింద బాగుందా అని... ఆగు. ఇంకెంత దూరం? నీళ్లలో పడితే అదే మానిపోద్ది.”

“పడేదాకా ఉండాలి కదా.”

“ఉంటాది.” చెంగుతో వేలు తుడుచుకుంది. “మొక్కప్పుడు దీనికి జరమొస్తే నా ఒళ్లో ఎట్టుకున్నాన్రా. నాకు తెల్దా?”

వెనక్కి వచ్చి కూర్చున్నాక పైడి అడిగింది. “మాయమ్మకి బయమేస్తంది. నీకెయ్యట్లేదా?”

“వేస్తోంది.”

“మరి ఏదో ఒకటి అను బావా. నువ్వు నోరు మూసుకుంటే నాకింకా బయంగా ఉంది.”

ఏదో ఒకటి అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. ఆమె నవ్వలేదు.

నాలుగో మజిలీ: రాతిరేవుకు ఇవతల

మిట్టమధ్యాహ్నం పాత వంతెన కింద బండి ఆపాం. అందరూ నిద్రపోయారు. నేనూ నిద్రపోయాను.

లేచి బయల్దేరాక గాలి ఎక్కువైంది. గర్ గర్ చప్పుడు లేదు. “సప్పుడు ఆగిపోనాది బావా,” అంది పైడి. మంచిదే అన్నాను.

సాయంత్రం దిగి చూస్తే కుడివైపు ఆకుపచ్చ ముక్క లేదు. ఆ మేర బరకానికి కన్నం. అందులోంచి సింగారి పొర బయటపడి ఉంది, పెదవి ఎండినట్టు తెల్లగా, మీద దుమ్ము. మేం నలుగురం ఒక్కసారే మొహాలు పక్కకు తిప్పేసుకున్నాం. ఆచారం.

“నీ బూడిద గుడ్డ ఇలా తే,” అంది అత్త.

కూర్చున్న చోటు నుంచి లేచి ఇచ్చాను. ఆవిడ మొహం దారి వైపు పెట్టుకుని, చేతులతో తడుముకుంటూ, కన్నం మీద దాన్ని పరిచింది. తాడు ఎక్కడుందో కనిపించక వేళ్లు గాలిలో వెతుక్కున్నాయి. పైడి కూడా మొహం తిప్పుకునే ఆ చేతికి తాడు అందించింది. అలా చూడకుండా కట్టారు ఇద్దరూ. మిగిలిన ఉప్పునీళ్లన్నీ అక్కడే పోశాం.

“ఏటయ్యింది?” అన్నాడు మావ.

“గాలి,” అన్నాను.

గాలికి పోయిందనే ఇక్కడ రాస్తున్నాను.

ఐదో మజిలీ: రాతిరేవు

చేరాం. మీరందరూ చూశారు కాబట్టి క్లుప్తంగా రాస్తాను.

సింగారిని నీళ్లలోకి దించి బరకం తీశాం. కుడి పక్క, పడుకున్న మనిషంత మేర, సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది. మిగతా ఒళ్లంతా బాగుంది. అయినా చాలాసేపు తొట్టిలోకి చుక్క రాలేదు. ముప్పై ఇళ్ల వాళ్లూ గట్టు మీద బిందెలు పట్టుకుని నిలబడ్డారు. అత్త మొలలోతు నీళ్లలో నిలబడి పడవకు చెంప ఆనించింది. ఏమో గొణుగుతోంది. అది తిట్టో, జోలపాటో నాకు వినబడలేదు.

తర్వాత వచ్చింది. సన్నగా. మీ సంఘం పెద్దాయన దోసిట్లో పట్టి తాగి, “ఉప్పు లేదు. పడవ బతికే ఉంది,” అన్నాడు. పీపాలు డప్పుల్లా మోగించారు మావాళ్లు. మావ ఏడ్చాడు. చోటిచ్చారు.

అయితే ఇదివరకు వచ్చినన్ని నీళ్లు రావడం లేదు. పాలిపోయిన పక్క మానేదాకా రావు. ఆ సంగతి తేలగానే మా కులపెద్ద సూరాడ గురయ్య తాత బరకాన్ని ఇసకలో పరిపించాడు. ఎవరి ముక్క వాళ్లు వెతుక్కున్నారు. కన్నం దగ్గర ఎవరూ లేరు.

“ఎలా పోయిందిరా?” అని తాత నన్నే అడిగాడు, చిట్టా రాసేది నేనే కాబట్టి.

“గాలికి తాతా.”

తాత తల ఊపాడు. చినతల్లి ఇంటికి, పడవ మానేదాకా వంతు లేదన్నాడు. మా వాళ్లెవరూ ఆ ఇంటికి నీళ్లివ్వకూడదు. పక్క గుంపుల్లో పనికి పోయి తెచ్చుకోవాలి. ఆవిడకు మంచం పట్టిన అత్తగారు, ఇద్దరు పిల్లలు. మొగుడు రెండేళ్ల కిందట వేటకెళ్లి తిరిగి రాలేదు.

అందరం ఆవిడ నోటి కోసం ఎదురుచూశాం. నేను మరీనూ. రేవు దద్దరిల్లేలా తిడుతుంది, గురయ్య తాత తాతలను కూడా లేపి తిడుతుంది, గాలిని తిడుతుంది, నా చదువును తిడుతుంది, అప్పుడు నాకు కాస్త తేలికగా ఉంటుందనుకున్నాను. చినతల్లి ఒక్క మాట అనలేదు. బరకం కన్నంలోంచి కనిపిస్తున్న ఇసకను చూసింది. ఖాళీ బిందెను చంకనుంచి తీసి, బోర్లించి పట్టుకుని వెళ్లిపోయింది. “మంచి గుడ్డే ఇచ్చినాను కదే,” అని పెద్ద కూతురితో అంటుంటే విన్నాను. అదీ మెల్లగా.

అదే రోజు, పొద్దు వాలాక

ఇందాక అత్త వచ్చింది. నేను ఇదే చిట్టా ముందు పెట్టుకుని కూర్చున్నాను. బరకం భుజాన వేసుకుని వచ్చి, నా పక్కన కూలబడి, కన్నం అంచును బొటనవేలితో నిమురుతూ కూర్చుంది.

“గాలికి కత్తుంటాదేటిరా?”

నేను చిట్టా మూసి పక్కన పెట్టాను.

“సిరిగిన గుడ్డకి పీసు ఉంటాది. ఇది మూడేపులా కుట్టు ఎంబడి సక్కగా తెగినాది. నాలుగోపక్కే సిరిగినాది. జరీకి జరీ కూడా తెగినాది. ఎంత పనిమంతురాలో గాలి!”

“తాతతో చెప్పావా?”

“నాకు సూపానదు. ముసిలిదాన్ని.” బరకం మడత పెట్టింది. “నాను సెప్తే నా అన్న కొడుకుని నానే గెంటినట్టవుద్ది. సెప్పకపోతే ఆ పిల్లగుంటల నోటికాడ నీళ్లు నానే లాగినట్టవుద్ది. నన్నిందులో ఎట్టకు. నువ్వు రేపు ఏటి సదివితే అదే నాకు తెల్సు.”

లేచి నాలుగడుగులు వేసి ఆగింది. “గీరుడు పెద్దదేనా?” అంది, అటు తిరిగే.

“అరచెయ్యంత.”

తల ఊపి వెళ్లిపోయింది.

కాబట్టి సంఘం వారికీ, గురయ్య తాతకూ, ముప్పై ఇళ్ల వారికీ.

నాలుగో మజిలీలో నేనూ నిద్రపోయానని రాశాను. నిద్రపోలేదు. మావా అత్తా పైడీ పడుకున్నాక ట్రాలీ ఎక్కి, కుడివైపు బరకం ఎత్తాను. చూశాను. జరీ అంచు ఆనిన చోట పొర లేచిపోయి పచ్చిపుండుగా ఉంది. చేపలు కోసే కత్తితో ఆ ముక్కను మూడువైపులా కోశాను, అంచు ఇక ఆనకుండా. దాన్ని పైకి మడిచి తాడుతో కట్టేద్దామనుకున్నాను. మావ దగ్గాడు. భయపడి దూకేశాను. కట్టలేదు. ఆ తర్వాత పొద్దువాలేదాకా ట్రాలీ తోక మీద కూర్చుని, అది ఊడిపోతుందని తెలిసీ బండి ఆపమనలేదు. ఆపితే ఎందుకో చెప్పాలి. నేను కోయడం వల్ల పుండు ఆగిందో, కన్నంలోంచి ఎండా దుమ్మూ తగిలి ఆ పక్కంతా పాలిపోయిందో, రెండూనో, నా పట్టాకు తెలియదు. పడవను కాపాడానని అనను. చెడగొట్టానని కూడా ఒట్టేసి చెప్పలేను.

చినతల్లి ఇంటి వంతు రేపు పొద్దున్నే పోయండి. ఆపాల్సింది నాది.

ఆవిడ గుడ్డ చిరగలేదు. నేను కోశాను.